నికాహ్‌నామా కడలి దాటేటప్పుడు

ఉర్దూలో రాసిన నికాహ్‌నామాలో మహర్ మొత్తం పక్కన ఒక చిన్న పదం ఉంటుంది. దానిని మనమందరం ‘ముఅజ్జల్’ అనే చదువుతాము. నిజానికి అక్కడ రెండు వేరువేరు పదాలలో ఏదో ఒకటి ఉంటుంది. ‘ఐన్’ అక్షరంతో రాస్తే, తొందర అనే అర్థమిచ్చే ధాతువు నుంచి వచ్చిన పదం. అంటే మహర్ వెంటనే చెల్లించవలసినది. ‘వావ్’ మీద ‘హమ్జా’ పెట్టి రాస్తే, గడువు అనే అర్థమిచ్చే ధాతువు నుంచి వచ్చిన పదం. అంటే మహర్ వాయిదా మీద ఉన్నది, భర్త మీద అప్పుగా నిలిచి ఉన్నది. అరబ్బు నోట ఈ రెండూ వేరుగా పలుకుతాయి. మన ఉర్దూ ఉచ్చారణలో ఒకటే అయిపోతాయి. తెలుగు లిపిలోకి, ఇంగ్లీషు లిపిలోకి దించితే కంటికి కూడా భేదం కనబడదు. ఒక పదం రొక్కమైతే, ఇంకొకటి బాకీ.

ఈ భేదం మా విద్యార్థులకు ఫిఖ్‌హ్ పాఠంలో చెప్పేదే. అయితే గత కొన్నేళ్లుగా ఇది మదరసా గోడలు దాటి కౌతాళం, ఆదోని, ఎమ్మిగనూరు ఇళ్లలోకి వచ్చింది. ఒకప్పుడు మన పిల్లలు సముద్రం దాటితే సౌదీ, కువైట్, దుబాయి అనేవారు. ఇప్పుడు జర్మనీ, ఇటలీ, ఐర్లండ్, పోలండ్ పేర్లు కూడా వినబడుతున్నాయి. అబ్బాయి చదువుకోసమో ఉద్యోగం కోసమో వెళతాడు. ఏడాది రెండేళ్లకు నికాహ్ అవుతుంది. ఆ తరువాత భార్యను రప్పించుకోవడానికి అక్కడి కార్యాలయం నికాహ్ కాగితం అడుగుతుంది. అప్పుడు ఆ కుటుంబం పెట్టె అడుగున మడతపెట్టిన ఉర్దూ కాగితాన్ని బయటికి తీసి, దానిని చదవగలవారి కోసం వెదుకుతుంది.

అలాంటి అనువాదం ఒకటి సరిచూడమని కొద్దికాలం క్రితం ఒక తండ్రి నా వద్దకు తెచ్చారు. పట్టణంలోని ఒక టైపు కేంద్రంలో ఇంగ్లీషు చేయించి, నోటరీ ముద్ర కూడా వేయించారు. మూలంలో వాయిదా మహర్ ఉంది. అనువాదంలో ‘చెల్లించబడినది’ అని ఉంది. పెళ్లికూతురి పక్షాన సమ్మతి తెచ్చిన ‘వకీల్’ ఆమె మేనమామ. అనువాదంలో ఆయన న్యాయవాదిగా మారిపోయారు. అమ్మాయి తాతగారి పేరుకు ముందున్న ‘మర్హూమ్’ అనే మాట, అంటే స్వర్గస్తులైన అనే గౌరవ వాచకం, ఆయన పేరులోని మొదటి భాగమై కూర్చుంది. ‘ముసమ్మాత్’ అమ్మాయి ఇంటిపేరు అయింది. నోటరీ సంతకం మాత్రం నిక్షేపంగా ఉంది.

ఆ తండ్రి ముఖ్యంగా అడిగినది వీసా ఆలస్యమవుతుందా అని. నాకు అంతకంటే పెద్దదిగా తోచింది ‘చెల్లించబడినది’ అన్న మాట. రేపు ఏ కారణం చేతనైనా ఆ అమ్మాయి పరాయి దేశపు న్యాయస్థానంలో తన హక్కు అడగవలసివస్తే, అక్కడి న్యాయమూర్తి చేతిలో ఉండేది ఉర్దూ మూలం కాదు, ఈ అనువాదమే. యూరప్ కోర్టులకు మహర్ అంటే ఏమిటో తెలియదనుకోవడం పొరపాటు. జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 2009 డిసెంబరులోనే మహర్ ఏ చట్టం కిందికి వస్తుందన్న ప్రశ్నను విచారించి తీర్పు చెప్పింది. అక్కడ మహర్ వ్యాజ్యాలు కొత్త కాదు. కనుక ఆడపిల్ల హక్కు ఒక్క అక్షరం మీద ఆధారపడి ఉందంటే అది అతిశయోక్తి కాదు.

కాగితానికి ముద్ర ఎందుకు, అనువాదం ఎందుకు అని విసుగుపడేవారు మనలో ఉన్నారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇతర దేశాల పాలకులకు లేఖలు పంపదలచినప్పుడు, ముద్ర లేని లేఖను వారు చదవరని సహచరులు విన్నవించారు. అప్పుడు ఆయన వెండి ఉంగరం చేయించి, దానిమీద చెక్కించిన అక్షరాలతో ముద్ర వేయించారు. ఈ సంగతి హజ్రత్ అనస్ (రజి) ద్వారా మనకు చేరింది. అలాగే యూదుల లేఖలను నమ్మకంగా చదివేవారు, రాసేవారు కావాలని హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) గారిని వారి లిపి నేర్చుకోమన్నారు. ఆయన సుమారు పక్షం రోజుల్లో నేర్చుకున్నారని ఉల్లేఖనం. ఎదుటివారి పద్ధతి ప్రకారం ముద్ర, సొంత మనిషి చేత అనువాదం, ఈ రెండింటి అవసరమూ ఆనాడే గుర్తింపు పొందింది. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సూరా బఖరాలోని 282వది. అది పూర్తిగా అప్పు పత్రం రాయడం గురించే. రాసేవాడు న్యాయంగా రాయాలనీ, రాసేవానికి గాని సాక్షికి గాని హాని కలిగించరాదనీ అందులోనే ఆదేశం ఉంది.

ఇక నేటి ముద్ర సంగతి. ఒక దేశపు పత్రాన్ని ఇంకొక దేశం నమ్మడానికి పూర్వం రాయబార కార్యాలయాల చుట్టూ తిరగవలసివచ్చేది. ఈ తిరుగుడును తగ్గించడానికి 1961 అక్టోబరు 5న హేగ్ నగరంలో ఒక ఒడంబడిక కుదిరింది. దాని ప్రకారం పత్రం పుట్టిన దేశమే ‘అపోస్టిల్’ అనే ఒక చతురస్రాకారపు ధ్రువీకరణ అతికిస్తుంది. అందులో పది అంశాలు వరుస సంఖ్యలతో ఉంటాయి. ఒడంబడికలో చేరిన మిగిలిన దేశాలు ఇంకొక ముద్ర అడగకుండా దానిని అంగీకరించాలి. మన దేశంలో ఇది 2005 జూలై 14 నుంచి అమలులో ఉంది. ముద్ర వేసేది కేంద్ర విదేశాంగ మంత్రిత్వ శాఖ. దీనికి హైదరాబాదులో కూడా కార్యాలయం ఉన్నది. ఒక్కో పత్రానికి ప్రభుత్వ రుసుము 50 రూపాయలు. దరఖాస్తు స్వీకరించే సంస్థల సేవా రుసుము వేరు. ఏజెంట్లు చెప్పే వేలకు వేలు ఈ 50 రూపాయల పక్కన పెట్టి చూస్తే, మనం దేనికి చెల్లిస్తున్నామో తెలుస్తుంది.

అపోస్టిల్ దేనిని ధ్రువీకరిస్తుందో చాలామందికి తెలియదు. పత్రంలో రాసినది నిజమని అది చెప్పదు. ఆ పత్రం మీద సంతకం చేసిన అధికారి ఫలానా హోదాలో సంతకం చేశాడనీ, ఆ ముద్ర అసలైనదేననీ మాత్రమే చెబుతుంది. విదేశాంగ శాఖ ఆ మాట చెప్పాలంటే, దానికి ముందు రాష్ట్ర ప్రభుత్వం చెప్పాలి. చదువు పత్రాలకు ఒక శాఖ, జనన వివాహ పత్రాలకు మరొక శాఖ ఆ పని చేస్తాయి. రాష్ట్రం చెప్పాలంటే కింది అధికారి సంతకం నమూనా దానివద్ద ఉండాలి. ఈ గొలుసు పంచాయతీ కార్యదర్శి దాకానో, పురపాలక రిజిస్ట్రారు దాకానో దిగుతుంది. మసీదు ఇమామ్ సాబ్ దాకా, ఖాజీ సాబ్ దాకా దిగదు.

మన కుటుంబాలు తరచు తట్టుకుని పడేది ఇక్కడే. షరీఅత్ దృష్టిలో ఈజాబ్, ఖబూల్, సాక్షులు ఉంటే నికాహ్ నెరవేరింది. అందులో సందేహం లేదు. కానీ 1880 నాటి ఖాజీల చట్టం చదివితే, ఖాజీ పదవి ఏ పరిపాలనాధికారాన్నీ ఇవ్వదని అందులోనే స్పష్టంగా ఉంది. కాబట్టి ఖాజీ సంతకానికి నేరుగా అపోస్టిల్ దొరకడం సాధారణంగా జరగదు. మన రాష్ట్రంలో వివాహాల తప్పనిసరి నమోదు చట్టం 2002 నుంచే ఉంది. మతంతో నిమిత్తం లేకుండా పెళ్లిళ్లన్నీ నమోదు కావాలని 2006 ఫిబ్రవరి 14న సుప్రీం కోర్టు కూడా చెప్పింది. ఇరవై ఏళ్లు దాటినా మన జమాతుల్లో ఈ నమోదు ఇప్పటికీ ‘వీసా వచ్చినప్పుడు చూద్దాంలే’ అన్న పనిగానే ఉంది. నికాహ్ అయిన వారంలో నమోదు చేయించుకుంటే సాక్షులు ఊళ్లోనే ఉంటారు, కార్డు చేతిలోనే ఉంటుంది, ఫోటోలు ఫోన్‌లోనే ఉంటాయి. ఆరేళ్ల తరువాత వెళితే ఒక సాక్షి బెంగళూరులో ఉంటాడు, ఇంకొకరు ఖబరస్తాన్‌లో ఉంటారు. ప్రభుత్వ వివాహ ధ్రువపత్రం ఉన్నా నికాహ్‌నామా అక్కరలేదనుకోకండి. ప్రభుత్వ పత్రంలో మహర్ వివరాలు ఉండవు. రెండూ కలిసి ప్రయాణం చేయాలి.

జర్మనీ విషయంలో ఇంకొక ముడి ఉంది. భారతదేశం అపోస్టిల్ ఒడంబడికలో చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం తెలిపింది. అందువల్ల మన దేశపు అపోస్టిల్‌కు జర్మనీలో ఆ ఒడంబడిక బలం లేదు. దానికి బదులు పత్రాల పరిశీలన అనే పద్ధతి ఉంది. అక్కడి కార్యాలయం కోరినప్పుడు, ఇక్కడి జర్మన్ దౌత్య కార్యాలయం తమకు నమ్మకమైన న్యాయవాదుల ద్వారా విచారణ చేయిస్తుంది. రిజిస్టరులో నమోదు ఉందో లేదో చూస్తారు. అవసరమైతే ఊరికి వచ్చి అడుగుతారు. ఖర్చు దరఖాస్తుదారుదే, కాలం నెలల్లో ఉంటుంది. ఊరికి వచ్చి అడగడం అంటే మన పల్లెల్లో ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పాస్‌పోర్టులో ‘షేక్ మెహబూబ్ బాషా’ అని ఉన్న మనిషి వీధిలో ‘చిన్న మాబు’. ఇంటి ముందు నిలబడి పూర్తి పేరు చెప్పి అడిగితే, అలాంటివారెవరూ ఇక్కడ లేరని ఎదురింటివారే చెప్పి పంపిస్తారు. వారిది అబద్ధం కాదు. విచారణ నడుస్తున్న ఇళ్లవారు ఇరుగుపొరుగుకు ముందుగా ఒక మాట చెప్పి ఉంచుకోవడం మంచిది.

అపోస్టిల్ విషయంలో గల్ఫ్ పరిస్థితి కూడా మారుతోంది. ఒమన్, బహ్రెయిన్ ఎప్పుడో చేరాయి. సౌదీ అరేబియాలో 2022 డిసెంబరు 7 నుంచి అమలైంది. యు.ఎ.ఇ., కువైట్, ఖతర్‌లకు మాత్రం రాయబార కార్యాలయపు ముద్రల పాత బాటే. పదేళ్ల క్రితం దుబాయి వెళ్లిన బంధువు చెప్పిన పద్ధతి నేడు రియాద్ వెళ్లే పిల్లవానికి పనికిరాదు.

పేర్ల చిక్కు మన ప్రాంతంలో ఎక్కడా లేనంత ఉంది. దానికి చరిత్ర కొంత కారణం. దత్త మండలాలు 1800లో నిజాం చేతినుంచి ఇంగ్లీషువారికి వెళ్లాయి. ఆ తరువాత 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోనివి. తుంగభద్ర దాటితే రాయచూరు. అది 1948 వరకు నిజాం రాజ్యం, కచేరీ భాష ఉర్దూ. మన పెళ్లి సంబంధాలు ఈనాటికీ సిరుగుప్ప, సింధనూరు, రాయచూరు, బళ్లారి మీదుగానే నడుస్తాయి. దానివల్ల ఒకే ఇంట్లో నానమ్మ నికాహ్ కాగితం ఉర్దూలో, అమ్మ బడి పత్రం కన్నడంలో, నాన్న భూమి కాగితం తెలుగులో, కొడుకు డిగ్రీ ఇంగ్లీషులో ఉంటాయి. ‘హుస్సేన్’ అన్న ఒక్క పేరు నాలుగు కాగితాల్లో నాలుగు విధాలుగా ఉంటుంది. ‘ముహమ్మద్’ ఒకచోట పూర్తిగా, ఒకచోట రెండక్షరాల పొట్టిపేరుగా ఉంటుంది. ఐరోపా గుమాస్తాకు ఇవి నలుగురు మనుషులు.

కౌతాళంలోని ఖాదర్‌లింగ స్వామి దర్గా సంగతి ఎరిగినవారికి ‘ఖాదర్‌లింగ’ అనే పేరు వింత కాదు. చుట్టుపక్కల పల్లెల్లో ముస్లిం ఇంట్లోనూ హిందూ ఇంట్లోనూ ఆ పేరు వినబడుతుంది. పేరు చూసి మతం, మతం చూసి వివాహ చట్టం నిర్ణయించుకునే విదేశీ కార్యాలయానికి ఈ పేరును ఏ గడిలో వేయాలో తెలియదు. అనువాదకుడు అక్కడ పేరును ‘సరిదిద్దడానికి’ పూనుకోరాదు. ఉన్నది ఉన్నట్టు రాసి, అవసరమైతే అడుగున వివరణ ఇవ్వాలి.

ఆడవారి పేర్లు ఇంకా కష్టం. పుట్టినింట ‘రజియా బీ’, అత్తవారింట ‘షేక్ రజియా బేగం’, ఆధార్‌లో ‘రజియా’. ఒక్క పదమే ఉన్న పాస్‌పోర్టుతో ఇబ్బందులు వస్తాయని 2022 నవంబరులో యు.ఎ.ఇ. నిబంధన వచ్చినప్పుడు అందరికీ తెలిసింది. నికాహ్‌కు ముందే పాస్‌పోర్టు తీసుకునే అమ్మాయిలకు నేను చెప్పేది ఒకటే. ఇంటిపేరు గడి ఖాళీ వదలకండి. నికాహ్‌నామాలో కూడా ఖాజీ సాబ్ చేత పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలనే ఇంగ్లీషులో పక్కన రాయించుకోండి. ఇది ఐదు నిమిషాల పని. ముద్దు పేరు ఉంటే ‘ఉర్ఫ్’ అని వేయించడంలో తప్పు లేదు. కాని ఆ ఉర్ఫ్ ఏదో ఒక ప్రభుత్వ పత్రంలో కూడా కనబడాలి.

తేదీల చిక్కు వేరు. నికాహ్‌నామాలో హిజ్రీ తేదీ ఉంటుంది. హిజ్రీ తేదీని ఇంగ్లీషు తేదీగా మార్చే పట్టికలు ఫోన్‌లో దొరుకుతాయి. అవి ఎక్కువగా సౌదీ పంచాంగాన్ని అనుసరిస్తాయి. మనకు నెలవంక సాధారణంగా ఒక రోజు ఆలస్యం. 1445 షవ్వాల్ 1వ తేదీ సౌదీలో 2024 ఏప్రిల్ 10న వచ్చింది, మనకు ఏప్రిల్ 11న వచ్చింది. షవ్వాల్ నెల మన పెళ్లిళ్ల నెల. ఆ నెలలో జరిగిన నికాహ్ తేదీని ఫోన్ చూసి మారిస్తే, శుభలేఖలో ఒక తేదీ, అనువాదంలో ఇంకొకటి ఉంటుంది. వీసా అధికారికి అనుమానం రావడానికి ఇది చాలు. మూలంలో రెండు తేదీలూ ఉంటే రెండూ రాయాలి. హిజ్రీ ఒక్కటే ఉంటే దానిని అలాగే ఉంచి, పక్కన ఇంగ్లీషు తేదీని అనువాదకుని వివరణగా వేరుచేసి చూపాలి.

భూమి కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటుందన్నది రైతు కుటుంబాలకు తెలుసు. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 2023 జూలైలో ఫసలీ 1433 మొదలైంది. అదే నెలలో హిజ్రీ 1445 కూడా మొదలైంది. రెండూ పద్నాలుగు వందల అంకెలే కావడంతో, ఆస్తి విలువ చూపడానికి పెట్టిన అడంగల్‌లోని ఫసలీని హిజ్రీ అనుకుని మార్చిన అనువాదం ఒకటి నేను చూశాను. పన్నెండేళ్లు తేడా వచ్చింది.

పుట్టిన పత్రం విషయంలో మన రాష్ట్రపు జనన ధ్రువపత్రం తెలుగు, ఇంగ్లీషు రెండింటిలోనూ ఉంటుంది. దానిని ఇక్కడ అనువాదం చేయించే పనే లేదు. అయినా చేయిస్తామని డబ్బు తీసుకునేవారు ఉన్నారు. అసలు కష్టం పత్రం లేకపోవడంలో ఉంది. కౌతాళం, కోసిగి పల్లెల్లోంచి ఏటా సుగ్గికి గుంటూరు మిరప చేలకు, పత్తి చేలకు వెళ్లే కుటుంబాలు ఎన్నో. పిల్ల అక్కడే పుడుతుంది. జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కావాలన్నది 1969 నాటి చట్టం. తల్లిదండ్రులు ఊరికి తిరిగివచ్చి కౌతాళంలో అడిగితే ఇక్కడ ఉండదు. ఏడాది దాటిన నమోదుకు అధికారి ఉత్తర్వు కావాలి. పేరు లేకుండా నమోదైతే తరువాత పేరు చేర్పించుకోవచ్చు, అదీ పదిహేనేళ్ల లోపు. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టు దగ్గర పుట్టినతేదీకి జనన ధ్రువపత్రం తప్ప మరొకటి చెల్లదు. ఇప్పుడు సుగ్గికి వెళుతున్న తల్లి ఒడిలోని బిడ్డ కూడా ఆ లెక్కలోనిదే. అయ్యవార్లు బడిలో వేసిన జూలై 1వ తేదీ పుట్టినరోజుల కాలం ముగిసింది.

ఇతర దేశాలు ఏం చేస్తున్నాయో ఒకటి చెబుతాను. పెనుకొండ వద్ద కియా కర్మాగారం వచ్చాక రాయలసీమవారికి కొరియన్లు కొత్త కాదు. వారి దేశంలో 2008 నుంచి కుటుంబ సంబంధాల నమోదు వ్యవస్థ ఉంది. ఒక మనిషి తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు అందరూ ఒకే నమోదులోంచి తీసిన ధ్రువపత్రంలో కనబడతారు. వివాహానికి వేరే పత్రం ఉన్నా, అది కూడా ఆ నమోదు నుంచే వస్తుంది. ఒక కొరియన్ యూరప్ వెళ్లాలంటే ఆ పత్రం తీసుకుని, అపోస్టిల్ వేయించి, అనువాదం చేయించుకుంటాడు. ఆ దేశం 2007లో ఈ ఒడంబడికలోకి వచ్చింది. వారికి కూడా లిపి వేరే, పేర్ల వర్ణక్రమం చిక్కే. కాని మూలం ఒక్కటే కావడంతో కాగితాలు ఒకదానితో ఒకటి తగవులాడవు. మన ఇంట్లో ఏడు కాగితాలు ఏడు కార్యాలయాల నుంచి వస్తాయి.

అనువాదం ఎవరు చేయాలన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌కు అనువాదకుడు ఇది సరియైన అనువాదమని రాసి, తేదీ వేసి, పూర్తి పేరు, సంతకం, చిరునామా ఇస్తే సరిపోతుంది. జర్మనీలో న్యాయస్థానం వద్ద ప్రమాణం చేసిన అనువాదకులు ఉంటారు. స్పెయిన్, పోలండ్‌లలో కూడా ప్రభుత్వ గుర్తింపు ఉన్నవారే చేయాలి. మన దేశంలో అటువంటి ప్రమాణ అనువాదకుల వ్యవస్థ లేదు. 1952 నాటి నోటరీల చట్టం అనువాదం చేయడం, దానిని సరిచూడడం నోటరీ విధుల్లో ఒకటిగా చెప్పింది. కాని ఉర్దూ రాని నోటరీ ఉర్దూ అనువాదాన్ని ఏ విధంగా సరిచూస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కాబట్టి భాష తెలిసినవాడు అనువదించి తన సంతకం తాను చేయాలి, నోటరీ ఆ సంతకాన్ని ధ్రువపరచాలి. అదే నిజాయితీగల వరుస.

ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి జర్మనుకు వెళ్లే దారిలో మొదటి మెట్టు మీద జరిగిన తప్పు చివరి మెట్టు దాకా వెళుతుంది. యూరప్‌లో ఉర్దూ తెలిసిన ప్రమాణ అనువాదకులు చాలా దేశాల్లో దొరుకుతారు. పాకిస్తానీ కుటుంబాలు అక్కడ ఎక్కువ కనుక ఆ సదుపాయం ఏర్పడింది. అలాంటి చోట్ల నికాహ్‌నామాను ఇక్కడ ఇంగ్లీషు చేయించడం కంటే, ఉర్దూ మూలాన్నే అక్కడికి పంపడం మేలు. తెలుగు పత్రాలకు ఆ సౌకర్యం అరుదు. మూలం మీద అపోస్టిల్ వేయించిన తరువాతే అనువాదం చేయించాలి. ఎందుకంటే ఆ ముద్రలోని మాటలు కూడా అనువాదంలోకి రావాలి.

అనువదించేవారికి, ముఖ్యంగా మదరసాల్లో చదివి ఈ పని చేతికి వచ్చినవారికి, రెండు మాటలు. మహర్ ‘రెండు సుర్ఖ్ దీనార్లు’ అని ఉంటే అలాగే రాయండి. దానిని రూపాయల్లోకి మార్చడం మీ పని కాదు. నది ఆవలి పాత కాగితాల్లో హాలీ సిక్కా కనబడితే అదీ అంతే. ‘బాకిరా’ అన్న పదాన్ని పదకోశంలో చూసి మక్కీకి మక్కీ దించితే విదేశీ అధికారి నివ్వెరపోతాడు. నికాహ్‌నామాలో దాని ఉద్దేశం ఇంతకుముందు వివాహం కాలేదని. ‘సయ్యిబా’ అంటే ఇంతకుముందు వివాహమైనది. ఆమె వితంతువా, తలాఖ్ పొందినదా అన్నది ఆ పదంలో లేదు. మీరు చేర్చకండి, వేరే పత్రంతో చూపమనండి. చెరిగిపోయిన చోట ‘చదవడానికి వీలు కాలేదు’ అని రాయండి. ఇంటివారు ఎంత బతిమాలినా సరే, సంవత్సరాన్ని ఊహించి నింపకండి.

రెండో నికాహ్ చేసుకుని వెళ్లే స్త్రీలకు ఇంకొక అడ్డంకి. మొదటి వివాహం ముగిసిందని చూపమంటారు. పెద్దల సమక్షంలో రాసుకున్న ఖులానామా మన దగ్గర చెల్లినా అక్కడి గుమాస్తాకు అది ఒక తెల్లకాగితమే. 1939 నాటి ముస్లిం వివాహ విచ్ఛేద చట్టం కింద కోర్టు డిక్రీ ఉంటే ప్రశ్న ఉండదు. లేనివారు కుటుంబ న్యాయస్థానం నుంచి తమ వివాహ స్థితిని ప్రకటించే ఉత్తర్వు కోరవచ్చు. ఆ అధికారం ఆ కోర్టులకు 1984 చట్టం ఇచ్చింది. సమయం పడుతుంది, కనుక వీసా మాట రాకముందే మొదలుపెట్టాలి.

కాగితం ఎప్పుడూ మన ఊరినుంచే వెళ్లదు. ఒక్కోసారి మన ఊరికి వస్తుంది. గల్ఫ్‌లో కన్నుమూసినవారి మరణ పత్రం అరబీలో వస్తుంది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. భార్య దానిని పట్టుకుని బ్యాంకుకు వెళితే తెలుగులోనో ఇంగ్లీషులోనో తెమ్మంటారు. అరబీలో పేరు వరుస మనిషి పేరు, తండ్రి పేరు, తాత పేరు. దానిని వరుసగా దించితే, ఆ పేరు ఇక్కడి పాస్‌బుక్‌లోని పేరుతో కలవదు. అరబీలో ‘ప’ అక్షరం లేదు కనుక ‘పాషా’ ‘బాషా’ అవుతుంది, ‘పఠాన్’ ‘బతాన్’ అవుతుంది. ఇలాంటి చోట నేను అనువాదం కింద పాస్‌పోర్టు సంఖ్య ఆధారంగా ఇద్దరూ ఒకరేనని విడిగా ఒక వాక్యం రాసి, పాస్‌పోర్టు నకలు జతచేసి సంతకం చేస్తాను. మరణించినవారి పాస్‌పోర్టును దౌత్య కార్యాలయం రద్దుచేసి తిరిగి ఇస్తే, ఇంటివారు దానిని పనికిరానిదనుకుని పారవేస్తుంటారు. వారసత్వం, బకాయి జీతం, పరిహారం, అన్నీ తేలేదాకా ఆ రద్దయిన పాస్‌పోర్టు ఇంట్లోనే ఉండాలి.